లెక్క అడిగిన కూలీలు: సామాజిక తనిఖీ ఎక్కడ పుట్టింది, ఎక్కడ ఆగుతోంది

ఉపాధి హామీ పనుల లెక్కలను కూలీల మాటతో సరిచూసే సామాజిక తనిఖీ, దాని చివర మండల కేంద్రంలో జరిగే ప్రజావేదిక గురించి పత్రికల జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి ఒకే తీరు వార్త వస్తూ ఉంది. ఫలానా మండలంలో ఇన్ని కోట్ల పనులు జరిగాయని, ఇన్ని వేల రూపాయలు రికవరీకి ఆదేశించారని, ఊళ్లో ఉపాధి పనులు చూసే ఒక ఫీల్డ్ అసిస్టెంట్‌ను తొలగించి ఒకరిద్దరికి నోటీసులు ఇచ్చారని అందులో ఉంటుంది. చదివేవారికి ఇది మామూలు శాఖాపరమైన తంతులా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. కానీ చదువురాని కూలీ మనిషి, అధికారుల ఎదుట నిలబడి, తన పేరు మీద ఖర్చయిన డబ్బుకు లెక్క అడగడం ఈ దేశంలో తేలిగ్గా వచ్చిన హక్కు కాదు. అది ఎలా వచ్చిందో, తెలుగు నేల మీద ఎలా వేళ్లూనుకుందో, ఇంత యంత్రాంగం ఉండి కూడా పోయిన డబ్బు ఎందుకు తిరిగి రావడం లేదో విడదీసి చూస్తే, స్థానిక ప్రజాస్వామ్యం నిజంగా దేని మీద నిలబడుతుందో అర్థమవుతుంది.

దీని మూలం రాజస్థాన్‌లోని కరువు పనుల్లో ఉంది. రాజ్‌సమంద్ జిల్లా భీమ్ ప్రాంతంలో 1980ల చివర ప్రభుత్వం కరువు సహాయక పనులు పెట్టేది. కనీస వేతనం చట్టంలో ఒకటి ఉంటే, వారం చివర కూలీల చేతికి వచ్చేది అందులో కొంత మాత్రమే. అడిగితే, మీరు తవ్విన మట్టి కొలతకు ఇంతే వస్తుందని పని పర్యవేక్షించే మేట్లు, ఇంజనీర్లు చెప్పేవారు. ఆ మాట నిజమో అబద్ధమో తేల్చగలిగినవి రెండే రెండు కాగితాలు: ఎవరు ఎన్ని రోజులు పనికి వచ్చారో రాసే మస్టరు, ఎంత పని జరిగిందో రాసే కొలతల పుస్తకం. ఆ రెండూ ప్రభుత్వ రహస్యాలుగా బీరువాల్లో ఉండేవి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం నీడలో, కూలీకి తన పేరున్న కాగితాన్నే చూసే అధికారం లేదు. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ వంటివారు స్థానిక కూలీలు, చిన్న రైతులతో కలిసి 1990 మే 1న మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌ను ప్రారంభించారు. కనీస వేతనం కోసం చేసిన నిరాహార దీక్షలు పూర్తిగా ఫలించనప్పుడు ఆ సంఘం ఒక నిర్ణయానికి వచ్చింది. కాగితం బయటికి రాకుండా కూలి రాదు, కనుక ముందు కాగితం కోసమే పోరాడాలి.

1994 డిసెంబర్ 2న పాలీ జిల్లా కోట్ కిరాణాలో జరిగిన మొదటి జన్ సున్వాయిలో, అంటే ప్రజా విచారణలో, వారు చేసిన పని చాలా చిన్నది. సంపాదించిన మస్టర్లను, బిల్లులను ఊరి జనం మధ్యలో గట్టిగా చదివారు. ఫలానా వ్యక్తి ఇన్ని రోజులు పని చేసి ఇంత తీసుకున్నాడని చదవగానే, ఆ వ్యక్తే లేచి తాను ఆ పనికి పోనేలేదని చెప్పాడు. ఇలాంటి సాక్ష్యాలు వరుసగా రావడంతో, అంతకాలం పుకారుగా ఉన్న అవినీతి పేరూ తేదీ మొత్తంతో సహా బయటపడింది. ఆ తర్వాతి పోరాటం చాలామందికి తెలిసినదే: కాగితాల నకళ్లు ఇస్తామని 1995 ఏప్రిల్‌లో రాజస్థాన్ ముఖ్యమంత్రి భైరాన్ సింగ్ షెఖావత్ శాసనసభలో చెప్పిన మాట ఏడాది గడిచినా ఉత్తర్వు రూపం దాల్చకపోవడంతో 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజుల ధర్నా జరిగింది, 2000లో రాష్ట్ర చట్టం, 2005లో దేశమంతటికీ సమాచార హక్కు చట్టం వచ్చాయి. ఆ ఉద్యమంలోని ఒక గ్రామీణ మహిళ ఢిల్లీలో విలేకరులకు చెప్పిన మాట ఇప్పటికీ తలచుకోదగ్గది. కొడుక్కు పది రూపాయలిచ్చి అంగడికి పంపితే తిరిగొచ్చాక లెక్క అడుగుతానని, తన పేరు మీద ప్రభుత్వం కోట్లు ఖర్చు పెడుతుంటే ఆ లెక్క అడగకూడదా అని ఆమె ప్రశ్నించింది.

2005లోనే వచ్చిన ఉపాధి హామీ చట్టం ఈ అనుభవాన్ని తనలో కలుపుకుంది. గ్రామసభ పనుల అమలును పరిశీలించాలని, క్రమం తప్పకుండా సామాజిక తనిఖీ జరపాలని ఆ చట్టంలోని 17వ సెక్షన్ చెప్పింది. మస్టర్లు, బిల్లులు, వోచర్లు, కొలతల పుస్తకాలు, మంజూరు ఉత్తర్వుల నకళ్లు గ్రామసభకు అందించడాన్ని పంచాయతీ బాధ్యతగా పెట్టింది. 2006 ఫిబ్రవరి 2న ఈ పథకం మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. మన పల్లెల్లో ఈ పనిని ఉపాధి హామీ అన్నవాళ్లకంటే కరువు పని అన్నవాళ్లే ఎక్కువ. రాయలసీమకు, పాలమూరుకు కరువు పని అంటే ఏమిటో ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు.

ఇక్కడినుంచి కథ రెండు దారుల్లో నడిచింది, ఈ వ్యాసానికి అసలు ముడి కూడా ఇదే. సామాజిక తనిఖీకి జన్మస్థానమైన రాజస్థాన్‌లో బలమైన ఉద్యమం ఉంది గానీ, పాలనా యంత్రాంగం నిలకడగా దాని వెంట నిలబడలేదు. 2009లో భిల్వాడాలో పెద్ద తనిఖీ జరిగి అక్రమాలు బయటపడ్డాక సర్పంచులు సంఘటితమై అడ్డుకున్నారు, కోర్టుకు వెళ్లారు, ఆ ఏడాది చివరికి రాష్ట్రవ్యాప్త కార్యక్రమం నిలిచిపోయింది. వేరే చోట్ల పరిస్థితి ఇంకా దారుణం. ఝార్ఖండ్‌లోని పలామూలో 2008 మే నెలలో, సామాజిక తనిఖీ పనుల్లో ఉన్న కార్యకర్త లలిత్ మెహతా హత్యకు గురయ్యారు. అదే కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి పూర్తిగా భిన్నమైనది జరిగింది. రాష్ట్ర గ్రామీణాభివృద్ధి శాఖే ముందుకొచ్చి, రాజస్థాన్ సంఘం వారి చేత శిక్షణ ఇప్పించి, 2006లో అనంతపురంలో పెద్దఎత్తున తనిఖీ చేయించింది. 2009లో దీనికోసమే ఒక ప్రత్యేక సొసైటీని ఏర్పాటు చేసి, రాజస్థాన్ ఉద్యమంలో పనిచేసివచ్చిన సౌమ్య కిడాంబికి బాధ్యతలు అప్పగించారు. పథకం ఖర్చులో అర శాతాన్ని తనిఖీకి కేటాయించడంతో ఆ యంత్రాంగం ప్రతి నెలా ఎవరి దయ మీదా ఆధారపడకుండా నడిచింది. ప్రభుత్వం తన మీద తానే తనిఖీ పెట్టుకోవడం సాహసమే. ఆ నిర్ణయం తీసుకున్న అధికారులకు, రాజకీయ నాయకత్వానికి ఆ మేరకు గౌరవం దక్కాలి. కానీ ఇక్కడ ఉన్నది యంత్రాంగం, అక్కడ ఉన్నది ఉద్యమం. రెండూ ఒకేచోట కలిసిన సందర్భాలు అరుదు.

యంత్రాంగం ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూడాలి. తనిఖీకి వచ్చేవారు పట్నం నుంచి దిగిన ఆడిటర్లు కారు. కూలి పనికి పోయే కుటుంబాల్లో పుట్టి, కొంత చదువుకున్న యువతీ యువకులను గ్రామ సామాజిక తనిఖీదారులుగా ఎంపిక చేసి, కొన్ని రోజులు శిక్షణ ఇస్తారు. ఎవరూ తమ సొంత ఊళ్లో తనిఖీ చేయకూడదు. ఊళ్లో సర్పంచి ఇంట్లోనో ఫీల్డ్ అసిస్టెంట్ ఇంట్లోనో భోజనం చేయకూడదు, బడిలోనో పంచాయతీ భవనంలోనో పడుకోవాలి. ఈ చిన్న నియమాల విలువ పల్లె తెలిసినవారికే తెలుస్తుంది, ఎందుకంటే ఒక్క పూట విస్తరి ముందు కూర్చున్నాక మరునాడు ఆ ఇంటివాడి మీద కాగితం రాయడం ఎవరికైనా కష్టమే.

ఇక అసలు తనిఖీ ఇంటి అరుగు మీద జరుగుతుంది. మస్టరు నకలు, చెల్లింపుల జాబితా చేతిలో పెట్టుకుని తనిఖీదారు ఇల్లిల్లూ తిరుగుతాడు. సీమ పల్లెలో అలాంటి సంభాషణ ఇలా ఉంటుంది: "అవ్వా, ఏప్రిల్లో రెండు వారాలు కుంట పనికి పోయినట్టు ఇందులో రాసుంది, పోయింటివా?" "ఏప్రిల్లో నేను ఊళ్లోనే లేను గదప్పా, కూతురి కాన్పుకని పోయింటి." వెంటనే జాబ్ కార్డు తెమ్మంటాడు. ఆ వారాల గళ్లు ఖాళీగా ఉంటాయి. పాసు పుస్తకం ఏదంటే, అది తన దగ్గర లేదని, తపాలా ఆఫీసులోనో మరొకరి దగ్గరో ఉందని చెబుతుంది. మొదటి సంవత్సరాల్లో కూలి డబ్బు తపాలా కార్యాలయాల ద్వారా వచ్చేది కనుక, పాసు పుస్తకాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే సగం రహస్యాన్ని విప్పేది. ఆమె చెప్పినదంతా రాసి, తిరిగి ఆమెకే చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుంటారు. అక్కడినుంచి పక్కింటికి పోతారు. అదే వారం అదే కుంటలో పనిచేసిన నలుగురిని అడిగితే, ఎవరెవరు వచ్చారో, ఎవరు రాలేదో నలుగురూ ఒకేలా చెబుతారు, ఎందుకంటే మండుటెండలో పక్కపక్కన గడ్డపార పట్టినవారి పేర్లు మరిచిపోయేవి కావు. చనిపోయినవారి పేరున, బెంగళూరుకు వలసపోయినవారి పేరున, ఉద్యోగంలో ఉన్నవారి పేరున పడ్డ దొంగ మస్టర్లు ఇలాగే దొరుకుతాయి. చివరికి టేపు పట్టుకుని పని జరిగిన చోటికి వెళ్లి, కొలతల పుస్తకంలో రాసిన పొడవు వెడల్పు లోతులతో పోల్చి చూస్తారు.

ఇందులో సామాజిక తనిఖీ బలమూ ఉంది, హద్దూ ఉంది. దాని బలం కూలీల జ్ఞాపకం. కూలి, హాజరు, పని స్థలం కూలీలకు స్వయంగా తెలిసినవి కనుక ఆ విషయంలో ఎంతటి అధికారి అయినా వారి మాటను తోసిపుచ్చలేడు. కానీ సిమెంటు ఎన్ని బస్తాలు వచ్చింది, కంకర బిల్లు ఎవరిది, ట్రాక్టరు ఎన్ని ట్రిప్పులు తిరిగిందన్నవి వారి కళ్లముందు జరిగేవి కావు. ఫర్జానా అఫ్రీది, వెగార్డ్ ఇవర్సన్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని తనిఖీ నివేదికలను పరిశీలించి తేల్చిన విషయం దీనికి సరిగ్గా సరిపోతుంది. వరుసగా తనిఖీలు జరిగినా మొత్తం అక్రమాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, అయితే సులువుగా పట్టుబడే కూలి అక్రమాల నుంచి పట్టుకోవడం కష్టమైన సామగ్రి అక్రమాల వైపు అవి మళ్లాయి. తనిఖీ వృథా అని దీని అర్థం కాదు. కూలి డబ్బు మీద చెయ్యి వేయడం కష్టమైందంటే కూలీకి మేలు జరిగినట్టే. దొంగతనం చోటు మార్చుకుంటే తనిఖీ కూడా తన పద్ధతిని మార్చుకోవాలని మాత్రమే ఇది చెబుతోంది.

ఊళ్లో తనిఖీ ముగిశాక గ్రామసభ, తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక. వేదిక మీద జిల్లా అధికారులు, ఎంపీడీఓ కూర్చుంటారు, ఎదురుగా కూలీలు, పక్కన ఫీల్డ్ అసిస్టెంట్లు, టెక్నికల్ అసిస్టెంట్లు. తనిఖీదారు నివేదిక చదువుతాడు, సంబంధిత కూలీ లేచి సాక్ష్యం చెప్పాలి, అధికారి అక్కడికక్కడే నిర్ణయం రాయాలి. కాగితం మీద ఇది అందమైన ఏర్పాటు. అయితే ప్రజావేదికకు ముందురోజు రాత్రి జరిగేది కాగితం మీద ఉండదు. ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు ఇంటికొస్తాడు. తీసుకున్న డబ్బు చేతిలో పెట్టి బతిమాలడం ఒక పద్ధతి. ఊరివాడు, పిల్లలు గలవాడు, ఉద్యోగం పోతే ఎలాగని పెద్దమనుషుల చేత చెప్పించడం ఇంకొకటి. మాట వినకపోతే వచ్చే వారం మస్టరు తన చేతిలోనే ఉందని గుర్తు చేయడం మూడోది, అన్నింటికంటే బలమైనదీ అదే. మరునాడు వేదిక ముందు ఆ అవ్వ తాను పనికి పోయానేమో, సరిగ్గా గుర్తులేదని చెబితే, ఆమెను పిరికిది అనడానికి ఎవరికీ హక్కు లేదు. వేదిక ఒక్కరోజుది, ఫీల్డ్ అసిస్టెంట్‌తో ఆమెకు ఏడాది పొడవునా పని. ఆమె వెనక ఇరవై మంది నిలబడి ఉంటే ఆమె మాట మారదు, ఒంటరిగా ఉంటే మారుతుంది.

మాట మారకుండా నిలిచినా నిర్ణయం అమలు చేయాల్సింది మళ్లీ అదే శాఖ. తనిఖీ సంస్థ తప్పును చూపించగలదు గానీ శిక్షించలేదు. రికవరీకి రాసిన మొత్తంలో నిజంగా వెనక్కి వచ్చేది చిన్న భాగమేనన్నది అందరికీ తెలిసిన విషయం. శిక్ష పడినా అది తరచుగా ఫీల్డ్ అసిస్టెంట్ దగ్గరే ఆగుతుంది, బిల్లు మీద సంతకం చేసిన పై అధికారి దాకా, సామగ్రి సరఫరా చేసిన కాంట్రాక్టరు దాకా పోదు. ఈ లోపాన్ని గుర్తించే 2012లో ఉమ్మడి రాష్ట్రం సామాజిక తనిఖీకి, అవినీతి నిరోధానికి ప్రత్యేక చట్టం చేసి, సంచార న్యాయస్థానాలకు అందులో చోటు కల్పించింది. చట్టం ఉన్నా, ఒక ఊరి కూలీలు ఫలానా కేసు ఏమైందని పట్టుబట్టి అడగకపోతే ఫైలు కదలదు.

కూలీలను సంఘాలుగా కట్టే ప్రయత్నం ప్రభుత్వం చేయలేదని అనలేం. శ్రమశక్తి సంఘాల పేరుతో కూలీలను స్థిరమైన బృందాలుగా ఏర్పాటు చేసింది. కాని వాటిలో ఎక్కువ భాగం పని పంచుకునే బృందాలుగానే మిగిలాయి, ప్రశ్నించే బృందాలు కాలేదు. పైనుంచి జాబితా రాసి కట్టిన సంఘానికీ, తమ బాధ కోసం తామే కూడిన సంఘానికీ ఉన్న తేడా తెలియాలంటే నెల్లూరు జిల్లా వైపు చూడాలి. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా రాత్రి బడులకు వచ్చిన ఆడవాళ్లు, అక్షరాలతోపాటు తమ ఇళ్ల సంగతులు మాట్లాడుకున్నారు. మగవాళ్ల కూలి డబ్బంతా సారా దుకాణానికి పోతోందన్నది ప్రతి ఇంటి మాట అయింది. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ వంటి మహిళలు ముందు నడిచి దుకాణం మూయించారు, ఆ కదలిక జిల్లా అంతా పాకి సారా వేలంపాటలను అడ్డుకుంది, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అదే జిల్లాలో ఆ మహిళలే రోజుకొక రూపాయి దాచే పొదుపు సంఘాలు కట్టారు. మద్య నిషేధం తర్వాతి కాలంలో ఏమైందన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించాల్సిన విషయం ఏమిటంటే, ఆ మహిళలు ఏ పథకం కోసమూ కూడలేదు. రోజూ కూడే అలవాటు ముందు ఏర్పడింది, పోరాటం తర్వాత వచ్చింది. సామాజిక తనిఖీకి మన పల్లెల్లో లోటుగా ఉన్నది ఈ రోజువారీ కూడికే.

దీని అవసరం ఈ మధ్య కాలంలో మరింత పెరిగింది. 2023 జనవరి నుంచి పని స్థలంలో రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో పెట్టే హాజరు విధానం తప్పనిసరి అయింది, 2024 జనవరి నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపులు తప్పనిసరి అయ్యాయి. దొంగ మస్టర్లను ఆపడానికే ఇవన్నీ అని చెప్పారు. ఈలోగా 2022-23 ఒక్క ఏడాదిలోనే దేశవ్యాప్తంగా 5 కోట్లకు పైగా కూలీల పేర్లు జాబితాల నుంచి తొలగించినట్టు పార్లమెంటుకు ఇచ్చిన సమాధానం చెబుతోంది. తెలుగు రాష్ట్రాల్లోనూ లక్షల పేర్లు పోయాయి. కారణాల గళ్లలో చనిపోయారని, ఊరు విడిచారని, నకిలీ కార్డులని, పని చేయడానికి ఇష్టపడటం లేదని ఉంది. ఒక మనిషికి పని చేయడం ఇష్టమో కాదో ఆ మనిషిని అడగకుండా ఎవరు తేల్చారన్నది ప్రశ్న. కంప్యూటరులో ఒక మీట నొక్కితే పోయిన పేరు, ఇంటి అరుగు మీద కూర్చుని అడిగితే పోయేది కాదు. సాంకేతికత చెడ్డదని నేను అనడం లేదు. మన దగ్గర మస్టర్లు, చెల్లింపులు మొదటినుంచీ కంప్యూటరులో ఉండబట్టే తనిఖీదారులకు సమాచారం చేతికందింది. సమాచారం కూలీ వైపుకు పారినప్పుడు అది ఆయుధమైంది, కూలీ నుంచి పైకి మాత్రమే పారినప్పుడు అదే ఆమెను జాబితా నుంచి తుడిచేసింది.

గ్రామసభల విషయంలోనూ ఇదే చూడాలి. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపి ఉపాధి పనులకు తీర్మానాలు చేశారు. అంత పెద్ద కదలిక గ్రామసభ అనే వ్యవస్థను జనానికి గుర్తు చేసింది, అది మంచిదే. అయితే ఒక గ్రామసభ విలువ తెలియాలంటే అడగాల్సిన ప్రశ్నలు వేరు: దళితవాడ నుంచి ఎందరు వచ్చి మాట్లాడారు, వారు అడిగిన పని తీర్మానంలోకి ఎక్కిందా, ఆరు నెలల తర్వాత ఆ తీర్మానాన్ని ఎవరైనా తిరగేసి చూశారా. రాజ్యాంగం 73వ సవరణ ద్వారా 1993లో గ్రామసభకు చోటిచ్చింది, ఆ చోట్లో కూర్చునే మనుషులను కూడగట్టే పని మాత్రం ఊరివాళ్లకే వదిలేసింది.

ఆ పని చేయడానికి పెద్ద సంస్థ అక్కరలేదు. ఒక వాడలో పదిహేను కుటుంబాలు కలిసి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఉపాధి చట్టం కింద పని కావాలని అడిగినప్పుడు నోటిమాటగా కాక కాగితం మీద అడిగి, తేదీతో రశీదు తీసుకోవడం అందులో మొదటిది. దరఖాస్తు చేసిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని, మొదటి 30 రోజులకు అది కనీసం కూలిలో నాలుగోవంతు, ఆపైన సగం ఉండాలని ఆ చట్టం చెప్పింది. ఆ భృతి దాదాపు ఎవరికీ అందకపోవడానికి ముఖ్య కారణం, అడిగినట్టు రుజువు చూపే రశీదు కూలీ దగ్గర లేకపోవడమే. జాబ్ కార్డులు, పాసు పుస్తకాలు ఎవరివి వారి ఇళ్లలోనే ఉండేలా చూసుకోవడం, ఒకరి పేరు జాబితాలో పోతే అందరూ కలిసి మండల కార్యాలయానికి వెళ్లడం, సామగ్రి దిగినప్పుడు ఎవరో ఒకరు బస్తాలు లెక్కపెట్టి రాసుకోవడం కూడా ఇలాంటివే. చివరిది చిన్నదే గానీ, పరిశోధకులు చూపించిన లొసుగును పూడ్చగలిగేది సరిగ్గా అదే.

ఇంకొకటి ఉంది, దాన్ని వాడుకునేవారు చాలా తక్కువ. ప్రతి సామాజిక తనిఖీ సభ మొదట్లోనే, కిందటిసారి బయటపడిన విషయాల మీద తీసుకున్న చర్యల నివేదికను చదివి వినిపించాలని 2011లో కేంద్రం తెచ్చిన తనిఖీ నిబంధనలు చెప్పాయి. అంటే కొత్త అక్రమాల జాబితా తెరవడానికి ముందు, పాత రికవరీలో ఎంత జమ అయింది, ఎవరి మీద కేసు పెట్టారు, ఎవరిని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారన్నది అధికారి అందరి ముందు చెప్పాలి. ఆ కాగితం చదవకుండా సభ మొదలుపెట్టబోతే, ముందు వరుసలో కూర్చున్నవారు లేచి అది చదివాకే మిగతాది అనాలి. ఒక్కరు లేస్తే కూర్చోమంటారు. కిందటి ప్రజావేదికలో రాసిన నిర్ణయాల నకలు చేతిలో పట్టుకుని పదిహేను కుటుంబాలవాళ్లు ఒకేసారి లేస్తే, ఆ నివేదిక చదవక తప్పదు.